డిసెంబర్ 31 రాత్రి కోసం ఒక రింగ్ షౌట్: విండ్ బ్యాండ్‌కి (ఊది వాయించే వాయిద్యాల బృందానికి) రాసే పద్ధతి

అమెరికాలో నల్లజాతి పండుగల మీద బ్యాండ్ పీస్ రాయమంటే చాలామంది చేసే పని ఒకటే. తెలిసిన స్పిరిచ్యువల్ పాట (నల్లజాతి భక్తి పాట) ఒకటి తీసుకుని, దానికి నాలుగు గొంతుల హార్మనీ కట్టి, కింద డ్రమ్ సెట్ పెట్టేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ అది క్రిస్మస్ కార్డు మీద బొమ్మలా ఉంటుంది. ఈ సంగీతానికి పునాది పాట కాదు, నేల. నేల మీద కర్ర, నేల మీద కాలు, ఆ పైన చప్పట్లు, అన్నిటికీ పైన పిలుపు, దానికి బదులు. రాసేటప్పుడు కూడా ఆ వరసలోనే, కింద నుంచి పైకి రావాలి.

ఇక్కడ తీసుకున్నది వాచ్‌నైట్ రింగ్ షౌట్, అంటే డిసెంబర్ 31 రాత్రి మేలుకుని, వలయంగా తిరుగుతూ పాడే ఆరాధన. క్వాంజా (నల్లజాతి సంస్కృతి పండుగ, 1966లో మొదలైంది, డిసెంబర్ 26 నుంచి జనవరి 1 వరకు), జూన్‌టీంత్ (1865 జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో విముక్తి ఉత్తర్వు చదివిన రోజు) మీద కూడా రాయొచ్చు. అయితే సొంతంగా పాతకాలపు ధ్వని ఉన్నది వాచ్‌నైట్‌కే. 1862 డిసెంబర్ 31 రాత్రి నల్లవాళ్లు చర్చిల్లో మేలుకుని కూర్చుని, తెల్లవారితే అధ్యక్షుడు లింకన్ ఇచ్చిన బానిసల విముక్తి ప్రకటన అమల్లోకి వస్తుందని ఎదురుచూశారు. ఆ రాత్రికి స్వాతంత్ర్యపు ముందు రాత్రి అనే పేరు నిలిచింది. జార్జియా రాష్ట్ర తీరంలోని మెకింటాష్ కౌంటీలో కొన్ని కుటుంబాలు రింగ్ షౌట్‌ను ఏటా ఈ రాత్రికే చేస్తూ నిలబెట్టుకున్నాయి. మెకింటాష్ కౌంటీ షౌటర్స్ పేరుతో వాళ్ల రికార్డింగులు దొరుకుతాయి. కలం పట్టేముందు కనీసం ఒక గంట వినండి.

మన చర్చిల్లోనూ డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆరాధన ఉంటుంది కాబట్టి తెలుగు క్రైస్తవులకు ఆ నిరీక్షణ కొత్తేమీ కాదు. కొత్తగా అనిపించేది షౌట్. పేరు చూసి అరుపులనుకోకండి, అది నడక. వలయంగా నిలబడి గడియారానికి ఎదురు దిశలో తిరుగుతారు. పాదం నేలను వదలదు, కాలు మీద కాలు పడదు. కాళ్లు అడ్డంగా పడితే అది నాట్యం కింద లెక్క, గుడిలో నాట్యం తప్పు. పాట ఎత్తేవాడు ఒకడు, బదులు చెప్పేవాళ్లు కొందరు, చీపురు కర్రతో నేల మీద కొట్టేవాడు ఒకడు. 1739లో సౌత్ కరోలినాలో జరిగిన స్టోనో తిరుగుబాటు తర్వాత, 1740 చట్టంతో అక్కడ బానిసలకు డప్పులు నిషేధించారు. డప్పు చేయాల్సిన పని నేల, చేతులు, పాదాలు చేశాయి. అందుకే ఈ పీస్‌లో డ్రమ్ సెట్ వద్దు, స్నేర్ డ్రమ్ కూడా వద్దు.

బ్యాండ్ కొలత

34 మందితో లెక్క వేద్దాం: ఫ్లూట్ 3, ఓబో 1, క్లారినెట్ 6, బాస్ క్లారినెట్ 1, ఆల్టో సాక్సోఫోన్ 2, టెనర్ 1, బారిటోన్ 1, ట్రంపెట్ 4, హార్న్ 3, ట్రాంబోన్ 4 (అందులో ఒకటి బాస్), యుఫోనియం 2, ట్యూబా 2, పర్కషన్ 4. పర్కషన్ నలుగురిలో ఇద్దరికి కర్రలు, ఒకరికి టాంబరిన్, ఒకరికి చైమ్స్ (గంటల్లా మోగే లోహపు గొట్టాలు). ఓబో లేకపోతే ఫ్లూట్‌కి రాసేయండి, పీస్‌కి నష్టం లేదు. ట్రాంబోన్లు మూడుకన్నా తగ్గితే మాత్రం ఈ పీస్ వేరే ఏడాదికి పెట్టుకోండి.

శృతి బి ఫ్లాట్. క్లారినెట్, ట్రంపెట్, టెనర్ సాక్సోఫోన్‌కి అది సి అవుతుంది, ఆల్టో, బారిటోన్ సాక్సోఫోన్లకి జి, హార్న్‌కి ఎఫ్. ఎవరికీ కష్టమైన కీ పడదు.

ముందుగా కర్ర

కర్ర గట్టి చెక్కది కావాలి. 120 నుంచి 130 సెంటీమీటర్ల పొడవు, 2.5 సెంటీమీటర్ల మందం ఉంటే చాలు. అడుగున రబ్బరు తొడుగుంటే తీసేయండి. కింద బోలుగా ఉన్న చెక్క స్టేజీ అయితే నేరుగా దాని మీదే కొట్టొచ్చు, కానీ పాలిష్ మీద గుంటలు పడతాయి కనుక హాలు వాళ్లను ముందే అడగండి. సిమెంటు నేల మీద కర్ర టిక్కుమంటుంది తప్ప మోగదు. అలాంటి చోట 60 × 120 సెంటీమీటర్ల ప్లైవుడ్ ముక్క (18 మిల్లీమీటర్ల మందం) తీసుకుని, రెండు పొడవాటి అంచుల కింద 5 సెంటీమీటర్ల ఎత్తు చెక్క పట్టీలు కొట్టండి. మధ్యలో ఆసరా పెట్టకండి, మోత ఆ బోలులోంచే వస్తుంది. పట్టీల కింద పాత కార్పెట్ ముక్క అంటించకపోతే, పీస్ సగానికి వచ్చేసరికి పలక అరగజం జరిగిపోయి ఉంటుంది.

కర్రను నిలువుగా, పైనుంచి మూడో వంతు దగ్గర వదులుగా పట్టుకోవాలి. దంచడం కాదు, వదలడం. కర్ర తన బరువుతో పడి, తానే లేచి, చేతిలోకి రావాలి. రోకలి వేసిన చేయి ఎవరిదైనా ఉంటే వాళ్లకి రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది. గట్టిగా పట్టుకుని కొట్టేవాళ్లకి 40 బార్ల (ఇక్కడ బార్ అంటే నాలుగు బీట్ల ఆవర్తం) తర్వాత మణికట్టు బిగుసుకుపోతుంది, లయ వెంటనే ముందుకు తోస్తుంది. కర్రలకి ఇద్దరిని పెట్టమన్నది అందుకే. ఒకరు అలసిపోకముందే రెండోవారు అందుకోవాలి.

కర్ర పలక ఎక్కడ ఉంచాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది, కాదు. పర్కషన్ కదా అని వెనక మూలకి తోసేస్తే, అక్కడి నుంచి 10 మీటర్ల దూరంలో ఉన్న ముందు వరసకి శబ్దం దాదాపు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఫ్లూట్లు కర్రను విని వాయిస్తే ఆలస్యమవుతారు, కండక్టర్‌ను చూసి వాయిస్తే కర్రతో తగాదా. బ్యాండ్ నడుమ, హార్న్‌లకీ ట్రాంబోన్‌లకీ మధ్య పెట్టండి.

లయ: నాలుగు పొరలు

4/4 బార్‌ని ఎనిమిది సగం బీట్లుగా చూడండి. కర్రకి తకిట తకిట తక, అంటే 3+3+2. మిగతావి దాని చుట్టూ అల్లుకుంటాయి. ఈ పంపకం బ్యాండ్ సౌకర్యం కోసం చేసింది. అసలు షౌట్‌లో చప్పట్లు ఇంతకన్నా స్వేచ్ఛగా ఉంటాయి.

లెక్క: 1 2 3 4 5 6 7 8
కాలు: × – – – × – – –
కర్ర: × – – × – – × –
చప్పట్లు, మొదటి జట్టు: – – × – – – × –
చప్పట్లు, రెండో జట్టు: – – – × – – × ×

7 దగ్గర కర్ర, రెండు జట్ల చప్పట్లు ఒక్కసారే పడతాయి. వలయం ముందుకు ఊగేది అక్కడే. 5 దగ్గర కాలు ఒక్కటే ఉంటుంది. బ్యాండ్ పల్టీ కొట్టేదీ అక్కడే. పక్కన 4 మీద కర్ర, రెండో జట్టు కలిసి గట్టిగా పడేసరికి, కాలు కూడా తెలియకుండా 4కి జారిపోతుంది. రెండు బార్లలో 34 మందీ అటే వెళ్లిపోతారు, తర్వాత అది మామూలు మార్చింగ్ బ్యాండ్. దీనికి మందు: మొదటి రిహార్సల్‌లో కాలు వేస్తూ నోటితో తకిట తకిట తక అనిపించండి, కాలు పడేటప్పుడు మాత్రం కళ్లు కాళ్ల మీద ఉండాలి. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలు బ్యాండ్‌లో ఉంటే (అమెరికా స్కూళ్లలో మన పిల్లలు బాగానే కనిపిస్తారు) ఈ పని వాళ్లకి అప్పగించండి. చేత్తో తాళం వేస్తూ నోటితో వేరే నడక చెప్పడం వాళ్లకి అలవాటే.

మొదటి జట్టు వేళ్లతో అరచేతి మీద కొట్టాలి, పలుచని శబ్దం వస్తుంది. రెండో జట్టు రెండు అరచేతులూ దొప్పలా చేసి కొట్టాలి, లోతుగా వస్తుంది. అందరూ ఒకేలా కొడితే రెండు జట్లూ కలిసిపోయి సభలో కరతాళధ్వనుల్లా ఉంటుంది.

పార్టులో (ఒక్కో వాయిద్యానికి రాసిచ్చే కాగితంలో) స్వింగ్ అన్న మాట, అంటే సగం బీట్లని జాజ్‌లోలా పొడుగు-పొట్టిగా వాయించమని, రాయకండి. సగం బీట్లు సమానంగానే ఉండాలి. స్వింగ్ చేస్తే 4వ లెక్క వెనక్కి జరిగి, మూడు-మూడు-రెండు చెదిరిపోతుంది. జాజ్ బ్యాండ్‌లో వాయించే సాక్సోఫోన్ వాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్పాలి, ఒకసారి చెబితే చాలదు.

పిలుపు, బదులు

పిలుపు మొదటి ట్రాంబోన్‌ది. బి ఫ్లాట్‌ని షడ్జమం చేసుకుని మోహన స్వరాల్లోనే ఉండండి. రెండు బార్ల వాక్యం: మంద్ర పంచమంలో ఎత్తి, స, రి మీదుగా గాంధారం చేరి, మళ్లీ స దగ్గరికి, ఆపైన మంద్ర ధైవతానికి దిగాలి. అది ఎఫ్ నుంచి పైన డి వరకు ఉండే పరిధి, ట్రాంబోన్ మాట్లాడినట్టు పలికే చోటు. బదులు ఇంకా చిన్నది: గ, రి, స. మూడే స్వరాలు.

గాంధారం దగ్గర ఆగాలి. ఆ స్వరం అంతర గాంధారమూ కాదు, సాధారణ గాంధారమూ కాదు, కింది నుంచి పైకి ఒక్కసారి జారుతుంది. గమకంలా ఊపకండి, ఒక్క జారుడే. ట్రాంబోన్‌లో డి ఫ్లాట్‌ని 5వ పొజిషన్‌లో (పొజిషన్ అంటే స్లైడ్ ఆపే చోటు) పట్టి, 4వ పొజిషన్‌లోని డి దగ్గరికి లాగాలి. అలవాటు కొద్దీ డి ని 1వ పొజిషన్‌లో తీస్తే రెండు చిక్కులు. 5వ పొజిషన్ నుంచి జారితే మధ్యలో పెదవులతో వేరే హార్మోనిక్‌కి (అదే గొట్టంలో పలికే ఇంకో స్వరానికి) దూకాల్సి వచ్చి, జారుడు తెగుతుంది. పైగా 1వ పొజిషన్‌లో ఆ డి సహజంగానే కాస్త తగ్గి పలుకుతుంది, ఇంకా పైకి లాగడానికి స్లైడ్‌లో చోటుండదు. పొజిషన్ నంబర్లు పార్టులోనే వేసేయండి.

బదులు చెప్పేది మిగతా ట్రాంబోన్లు, యుఫోనియంలు, బాస్ క్లారినెట్, బారిటోన్ సాక్సోఫోన్. యూనిసన్ (అందరూ ఒకే స్వరం), ఆక్టేవ్, అక్కడక్కడ సమాంతర పంచమాలు (స-ప దూరంలో రెండు వరసలు కలిసి కదలడం). కాలేజీలో సమాంతర పంచమాలు తప్పని నేర్పిన హార్మనీ పాఠాన్ని ఈ పీస్ అయ్యేదాకా పక్కన పెట్టండి.

బదులు ఎప్పుడు మొదలవ్వాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. పిలుపు అయిపోయాక కాదు. రెండో బార్‌లో 7వ లెక్కకే, పిలుపు చివరి స్వరం ఇంకా మోగుతుండగానే, బదులు ఎక్కేయాలి. బార్ గీత దాటించి టై (రెండు నోట్లని ఒకటిగా కలిపే గీత) వేసి రాయండి. బాగా శిక్షణ పొందిన బ్యాండ్లే ఇక్కడ ఎక్కువగా తప్పుతాయి: సోలో వాయించేవారికి మర్యాద ఇచ్చి ఆగుతాయి. ఆ మర్యాదతో మధ్యలో ఖాళీ పడి, పిలుపు అటు, బదులు ఇటు రెండు ముక్కలవుతాయి. షౌట్‌లో ఎవరూ ఒంటరిగా వదిలేయబడరు.

120 బార్ల పథకం

1–8: కర్ర ఒక్కటే, మెట్రోనోమ్ 88 (నిమిషానికి 88 బీట్లు). ఐదో బార్ నుంచి కాళ్లు. బూట్ల మడమలతో టకటకలాడించకండి, పాదం మొత్తంగా నేల మీద రుద్దుతూ వేయాలి.

9–24: పిలుపు, బదులు నాలుగుసార్లు. ప్రతిసారీ పిలుపులో ఒక్క స్వరమైనా మార్చి రాయండి. అచ్చుగుద్దినట్టు నాలుగుసార్లు రాస్తే రెండోసారికే వినేవారికి తెలిసిపోతుంది.

25–56: పొరలు పెంచాలి, శబ్దం కాదు. 25లో ట్యూబాలు కాలి లెక్కల మీద పొట్టి స్వరాలతో చేరతాయి. ట్యూబా నోటు పలకడానికి కొంచెం సమయం తీసుకుంటుంది కాబట్టి వాళ్లు కర్ర కన్నా రవ్వంత ముందే ఊదాలి, లేదంటే నడక ఈడ్చుకుపోతుంది. 33లో సాక్సోఫోన్లు రెండో బదులు అందుకుంటాయి, 41లో చప్పట్లు, 49లో ట్రంపెట్లు.

చప్పట్లు ఎవరు కొడతారు? ఫ్లూట్లు, ఓబో, క్లారినెట్లు. హార్న్‌లు, ట్యూబాలు చేతులు తీయలేవు, వాళ్లకి కాళ్లే. క్లారినెట్‌ని ఒడిలో అడ్డంగా, రీడ్ పైకి ఉండేలా పెట్టాలి. రీడ్ కిందికి పెడితే బట్టకి తగిలి చివర విరుగుతుంది. వాయిద్యం దించడానికి, మళ్లీ ఎత్తుకోవడానికి చెరో రెండు బార్లు ఖాళీ ఇవ్వండి. ఈ వేగంలో రెండు బార్లంటే ఐదున్నర సెకన్లు, సరిపోతుంది. ఒక్క బారే ఇస్తే ఎవరో ఒకరి మౌత్‌పీస్ స్టాండ్‌కి తగిలి ఠంగుమంటుంది.

57–72: అర్ధరాత్రి. కర్ర ఆగాలి, మెట్రోనోమ్ 60. వాచ్‌నైట్‌లో కొన్ని చర్చిల్లో కావలివాణ్ణి రాత్రి ఎంత వేళైందని అడిగే ఆచారం ఉంది. యెషయా గ్రంథంలోని ఆ మాట తెలుగు బైబిల్ చదివేవారికి తెలిసిందే. అటువైపు నుంచి పన్నెండుకి ఇంకా ఇన్ని నిమిషాలున్నాయని జవాబు వస్తుంది. ఆ ప్రశ్నని స్టేజీ బయట నిలబడ్డ ఒక ట్రంపెట్‌కి ఇవ్వండి, జవాబు హార్న్‌లది. మొదటి నాలుగు బార్లలో ప్రశ్న, తర్వాతి పన్నెండు బార్లలో బార్‌కొకటి చొప్పున చైమ్స్‌పై పన్నెండు గంటలు. మిగతా అందరూ వాయిద్యాలు దించి, నోరు మూసి స, ప రెండే స్వరాలు హమ్ చేయాలి. మతానికి సంబంధించిన మాటలు లేవు కాబట్టి అమెరికా ప్రభుత్వ స్కూలు డిసెంబర్ కచేరీలోనూ ఇబ్బంది రాదు.

బయట ట్రంపెట్ నిలబడే వరండాలో డిసెంబర్ చలి ఉంటుంది. చల్లబడ్డ ట్రంపెట్ శృతి తగ్గుతుంది. ఊదకుండా గాలి మాత్రం లోపలికి వదులుతూ వెచ్చగా ఉంచమనండి, ట్యూనింగ్ స్లైడ్ కాస్త లోపలికి నెట్టమనండి. లోపలున్న వాళ్లదీ అదే సంగతి. నిమిషం పైగా ఊదకుండా కూర్చుంటారు కాబట్టి, పదో గంట మోగేసరికి అందరూ వాయిద్యం ఎత్తి నిశ్శబ్దంగా వెచ్చని గాలి నింపాలి. ఇది పార్టులో రాయకపోతే 73వ బార్‌లో మొత్తం బ్యాండ్ ఒక మెట్టు కిందికి కూర్చున్నట్టు వినిపిస్తుంది.

73–112: షౌట్. కర్ర 92 వేగంలో మొదలుపెట్టి ఎనిమిదేసి బార్లకి ఐదు చొప్పున పెంచుతుంది: 92, 97, 102, 107, 112. వేగం కర్రది, కండక్టర్‌ది కాదు. కండక్టర్ ఎంట్రీలు చూపిస్తే చాలు. ఇద్దరూ నడిపిస్తే వేగం 100 దాటాక రెండు బ్యాండ్లవుతాయి. టాంబరిన్ 89వ బార్‌లో రావాలి, అంతకు ముందు వద్దు. 73వ బార్‌లోనే అందరినీ ఫోర్టిసిమో (చాలా గట్టిగా) ఊదిస్తే 90వ బార్‌కి పెదవులు చచ్చిపోతాయి. 97వ బార్ వరకు మెట్జో ఫోర్టే (ఓ మాదిరి గట్టి) దాటనివ్వకండి.

113–120: 117 వేగంలో అందరూ రెండేసి బార్లకి కొందరు చొప్పున తప్పుకుంటారు. ముందు ట్రంపెట్లు, తర్వాత చెక్క వాయిద్యాలు, తర్వాత ఇత్తడి. చివరి రెండు బార్లు కర్ర, కాలు మాత్రమే. మొత్తం సుమారు ఐదున్నర నిమిషాలు.

రిహార్సల్

ఐదు రిహార్సళ్లు, ఒక్కోటి గంటన్నర. మొదటిదానిలో మొదటి 25 నిమిషాలు వాయిద్యాలు పెట్టెల్లోంచి తీయనివ్వకండి. కుర్చీలు పక్కకి జరిపి, అందరూ వలయంగా నిలబడి, గడియారానికి ఎదురు దిశలో తిరగాలి. మనిషికి 70 సెంటీమీటర్ల చొప్పున 34 మందికి దాదాపు 24 మీటర్ల చుట్టుకొలత, అంటే సుమారు 8 మీటర్ల అడ్డకొలత ఉన్న ఖాళీ జాగా కావాలి. లేకపోతే రెండు జట్లుగా చేయించండి. ట్యూబా వాళ్లు సిగ్గుపడి గోడకి ఆనుకుంటారు, వదలకండి, నడక ముందుగా కావలసింది వాళ్లకే. రెండో రిహార్సల్‌లో 1–56, మూడో దానిలో 73–120, నాలుగో దానిలో అర్ధరాత్రి భాగం, బయటి ట్రంపెట్. ఐదోది కచేరీ జరిగే హాల్లోనే, అసలు పలకతోనే జరగాలి.

వలయాన్ని స్టేజీ మీద ప్రేక్షకులకి చూపించడం మాత్రం వద్దు. అది ఆరాధన, దుస్తులు వేసి ఆడే అంకం కాదు. నల్లవాళ్ల యాసని అనుకరించే మాటలు, కేకలు పార్టుల్లో రాయకండి. నాలుగు లైన్ల ప్రోగ్రామ్ నోట్‌లో మెకింటాష్ కౌంటీ పేరు, 1862 రాత్రి, డప్పుల నిషేధం ఉండాలి. పాత స్పిరిచ్యువల్ ట్యూన్ ఏదైనా మధ్యలో వాడాలనుకుంటే ట్యూన్‌కి హక్కుల బెడద లేదు గానీ, ఒకరు చేసిన అరేంజ్‌మెంట్‌నో, ఒక బృందం రికార్డింగులోని పిలుపునో విని రాసుకుంటే అనుమతి తీసుకోవాలి. బ్యాండ్‌లో పాదాల మోత, చప్పట్లు, గొంతు ఎలా రాయాలో తెలియాలంటే ఓమర్ థామస్ స్కోర్లు చూడండి. 2019లో రెవెల్లీ బహుమతి (బ్యాండ్ రచనలకి ఇచ్చేది) గెలిచిన తొలి నల్లజాతి కంపోజర్ ఆయన. నోటేషన్ అనుమానాలు సగం అక్కడే తీరిపోతాయి.

చివరి బార్ గురించి ఒక మాట. కర్రని 1 మీద ముగించాలని పర్కషన్ వాళ్లకి చెయ్యి ఆగదు. 121వ బార్ లేదని వాళ్ల పార్టులో పెద్దక్షరాలతో రాయండి. చివరి దెబ్బ 120వ బార్‌లో 7 మీద పడాలి, కాలు అప్పటికే 5 మీద ఆగిపోయి ఉండాలి. కర్రను పైకి లేచాక చేతిలోనే పట్టుకోవాలి, పలక మీద ఆనించకూడదు. ఆనిస్తే వచ్చే చిన్న టక్కు చప్పుడు ఎనిమిదో వరస దాకా వినిపిస్తుంది.